తట్టకి రెండో చెయ్యి

నిండు చేపల తట్ట ఒక్కళ్లే నెత్తికెత్తుకోలేరు. ఎదురుగా ఇంకొకరు చెయ్యేస్తేనే అది లేస్తుంది. అందుకే నర్సాపురం రేవు ఆడవాళ్లు జంటలుగా తిరుగుతారు. ఎత్తినావిడే పక్కన నడిచి, బేరం తగిలిన గుమ్మం దగ్గర దింపుతుంది. నూకరత్నానికి పాపాయమ్మ జంట. ఇద్దరికీ మనవలు పుట్టినా ఆ జంట విడిపోలేదు. నూకరత్నానికి టీబీ రాగానే విడిపోయింది.

"ఇక మీ వల్ల ఎవరికీ అంటదు, పనికెళ్లండి. మాత్రలు మాత్రం మానొద్దు" అన్నాడు డాక్టరు. రేవులో ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. "నడుం పట్టేసింది వదినా" అంటూ తప్పుకున్న పాపాయమ్మ, అదే నడుంతో ఇంకొకావిడ తట్ట ఎత్తింది. సిగ్గయినా లేదు మనిషికి.

నూకరత్నం మంచం పట్టింది. తిండి సయించలేదు. మాత్రలు కాలవలో పారేయడం మొదలెట్టింది. టీబీవాళ్ల మనసు కూడా కనుక్కోవాలని ఆసుపత్రిలో కొత్తగా వేసిన కౌన్సిలర్ సాయిదుర్గ ఎప్పుడడిగినా, పక్కనున్న మొగుడు త్రిమూర్తులే "బానే ఉందండి" అనేవాడు. ఈసారి ఆ పిల్ల అతన్ని టీకి పంపేసి అడిగింది.

"మాత్రలు వేసుకుంటున్నారా అమ్మా?"

"లేదండి. బతికి ఏం చెయ్యాలండి? నా తట్టకి చెయ్యేసేవాళ్లే లేరు."

"రేపు నేనొచ్చి ఎత్తుతానండి."

నూకరత్నానికి ఏడుపు ఆగలేదు. ఇంటికెళ్లగానే మాత్ర మింగింది.

సాయిదుర్గ అన్నట్టే వచ్చింది. బట్టల మీద చేపనీళ్లు కారుతున్నా అందరి ముందూ తట్ట ఎత్తి, డ్యూటీకి టైమవుతోందని బండెక్కి వెళ్లిపోయింది. ఎత్తినవాళ్లు వెంట నడవాలని ఆ పిల్లకేం తెలుసు? చెప్పడానికి నూకరత్నానికి అభిమానం అడ్డొచ్చింది.

మొదటి వీధిలోనే ఒకావిడ పిలిచింది.

"ఏం తెచ్చావు రత్నం?"

"పండుగొప్పలండి. ఓ చెయ్యేసి దింపండమ్మా."

ఆవిడ చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఆ రోజు ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరి పొయ్యి మీద పాలున్నాయి. ఎండ ముదిరింది, ఐసు కరిగి మొహం మీద కారింది, మెడ లాగేసింది. తట్టతోనే రేవుకు తిరిగొస్తే పాపాయమ్మ చూసి తల తిప్పుకుంది. నూకరత్నం తట్టను నెత్తి మీంచే వదిలేసింది. చేపలన్నీ ఇసకలో పడ్డాయి.

సాయంత్రం సాయిదుర్గ ఫోన్ చేసింది.

"ఎలా ఉందండి ఇవాళ?"

పక్కన త్రిమూర్తులు లేడు. అయినా నూకరత్నం "బానే ఉందండి" అంది.

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానండి" అంది, కాలవ గట్టున నిలబడి.