ఎవరూ మార్చమనని పేరు

రెండువేల ఎనిమిదిలో నేను గల్ఫ్‌లోని అజైబాలో కంపెనీ కారు నడిపేవాణ్ణి. ఒకరోజు సైట్‌కు వెళ్తుంటే కార్లో ఉన్న మా జర్మన్ ఇంజనీరు వాళ్ళ తాత తమ్ముడి సంగతి చెప్పాడు. ఆయన అమెరికా వెళ్ళాక జర్మన్ పేరు వదిలేసి ఇంగ్లిష్ పేరు పెట్టుకున్నాడట.

"ఎవరు మార్చుకోమన్నారు సార్?" అని నాకొచ్చిన ఇంగ్లిష్‌లో అడిగాను.

"ఎవరూ అనలేదు. పనిచేసేచోట పిలవడానికి సులువని మార్చుకున్నాడు."

నాకు ఒళ్ళు మండింది. పిలవడం రాకపోతే నేర్చుకోవాల్సింది వాళ్ళు కదా! ఎవరూ అడక్కుండానే అమ్మ పెట్టిన పేరు ఎలా వదులుకుంటారో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

సైట్‌లో దిగగానే, కొత్తగా వచ్చిన జగిత్యాల మనిషి నా పేరడిగాడు. ఫోర్‌మాన్‌కు నోరు తిరగదేమోనని, కంపెనీలో చేరిన రోజే నాకు నేను పెట్టుకున్న పేరు నోటికొచ్చేసింది.

"ఇదేం పేరన్నా? నీకెవలు పెట్టిన్రు?"

పక్కనే ఉన్న ఇంజనీరుకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను.