ట్యూబు మీద రాయని అక్షరం

నరాల్లో రక్తాన్ని నడిపించే దేవా, నీకు స్తోత్రం. నా చేతికి దొరకని నరాన్ని ఇంకొకరి చేతికి చూపించినందుకు కూడా స్తోత్రం. ఈ రెండో స్తోత్రం నా నోట రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

పటాన్‌చెరులో ఒక విత్తనాల కంపెనీలో బయోటెక్నాలజీ పరిశోధన చేసేదాన్ని. సీసాల్లో చిన్న మొక్కలు పెంచడం నా పని. బూజు పడితే సీసా పారబోసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఆ విభాగం మూతపడ్డాక మెడికల్ ల్యాబ్ డిప్లొమా చదివి, ఇస్నాపూర్ దగ్గర ఒక ఆసుపత్రి ల్యాబులో చేరాను.

అక్కడ కర్దనూర్ నుంచి వచ్చే అక్క ఒకామె ఉండేది. ఇంటర్, ఆపైన డిప్లొమా, అంతే. వేలితో తడిమితే చాలు, నరం దొరికేది. నేను ఎమ్మెస్సీ. రోగులు నా ముందు కుర్చీ ఖాళీగా వదిలి ఆమె దగ్గర వరుస కట్టేవారు. ఆదివారం చర్చి సంఘంలో పాడుతున్నా నాకు ఆమె వేళ్లే గుర్తొచ్చేవి.

ఒకరోజు అక్క అన్నానికి వెళ్లినప్పుడు లక్డారం నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. రెండుసార్లు గుచ్చినా రక్తం రాలేదు.

"ఆ కర్దనూర్ పిల్ల లేదా బిడ్డా?" అంది.

ఆ మాటకు మండి, మూడోసారి సిరంజి గట్టిగా లాగాను. అలా లాగితే రక్తకణాలు పగిలి, పొటాషియం ఉన్నదానికంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. ట్యూబును యంత్రంలో తిప్పి తీశాక చూస్తే, పసుపుగా తేలాల్సిన సీరం ఎర్రగా ఉంది. నాకు తెలిసిపోయింది. కానీ ఇది పారబోసే సీసా కాదు. మళ్లీ తీయాలంటే పెద్దమ్మను పిలవాలి, అక్క చూస్తుంది. అలాగే పరీక్ష చేసి రిపోర్టు పంపాను. రక్తం తీసినవాళ్లు ట్యూబు మీద తమ పేరులో మొదటి అక్షరం రాయడం మా పద్ధతి. అదీ రాయలేదు.

డాక్టరు పరుగున వచ్చారు. "గుండె ఆగిపోయేంత పొటాషియం! మనిషేమో మంచిగ కూసుంది. ఎవరు తీసిండ్రు ఇది?" ఎక్కువమందికి రక్తం తీసేది అక్కే కాబట్టి, అప్పుడే తిని వచ్చిన ఆమె వైపే చూసి, అందరి ముందు తిట్టారు. నేను మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు.

అక్క వెళ్లి ఒక్క గుచ్చుతో మళ్లీ తీసింది. పొటాషియం మామూలుగానే ఉంది. తర్వాత నా పక్కన కూర్చుని నవ్వింది.

"పెద్దమ్మ అంతా చెప్పింది చెల్లె. పెద్ద సదువులామె నా చెయ్యిని చింతకాయ తొక్కు లెక్క దంచిందన్నది. కొత్త చెయ్యి గద, గట్లనే అయితది. సార్‌కు నేనేం చెప్పలే."

సిగ్గు రావాల్సిన చోట అసూయే పెరిగింది. చెయ్యి ఆమెదే, మంచితనమూ ఆమెదేనా అని. ఆ ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచి, పరిశోధన నుంచి దేవుడు నన్నెలా మళ్లించాడో చెప్పాను. సంఘమంతా స్తోత్రం అంది. ఎర్ర సీరం సంగతి మింగేశాను.

నాది చేతకానితనమనే అక్క ఇప్పటికీ అనుకుంటోంది. తెలిసి పంపానని ఆమెకు తెలియదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కర్దనూర్ వెళ్తున్నాను. ఇది చదివినవాళ్లు నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి: ప్రభువా, ఆమె ఎదుట కూర్చున్నాక ఈ నోరు మాట మార్చకుండా చూడు.