వెలిసిపోయిన ముఖం

రేపల్లెలో డ్రాయింగు మాస్టారుగా రిటైరైన శాలేమురాజు గారు రంగు పెన్సిళ్లను బ్లేడుతోనే చెక్కుతారు. ఎవరైనా ఫొటో తెచ్చిస్తే, చొక్కా చేతులు మడిచి, నాలుగు రోజులు వంచిన తల ఎత్తకుండా అందులోని మనిషిని కాగితం మీదకు దింపుతారు. మొన్న ఉదయం చేపలమ్మే నాగదుర్గ, పన్నెండేళ్ల కిందట ఆయన గీసిచ్చిన బొమ్మను పట్టుకొచ్చింది. వేటకెళ్లి సముద్రంలో పోయిన ఆమె భర్తది. నీలం చొక్కా అలాగే ఉంది. ముఖం మాత్రం వెలిసి తెల్లబడింది.

"అప్పటి పెన్సిళ్లమ్మా. ముఖానికి వేసే గులాబీ రంగు వెలుతురుకు నిలవదని మాకు తెలీదు. ఫొటో ఉందా?"

"తుపాన్లో పోయిందండి. మీరు అన్ని రోజులు చూసి గీశారు కదా మాస్టారూ, గుర్తుండదా?"

ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నారు. ఎవరెవరి ముఖాలో వచ్చాయి గాని అతనిది రాలేదు.

"కూర్చోమ్మా. కనుబొమ్మలు ఎలా ఉండేవో చెప్పు," అన్నారు చివరికి.

నాగదుర్గ చెప్పబోయి ఆగిపోయింది. ఆమెకూ గుర్తు రాలేదు.