గాడిలో బిగిసిన బల్ల

1946. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న ఒక పాత వ్యాను మదనపల్లెలో నా వడ్రంగి కొట్టు ముందు ఆగింది. అందులోంచి దిగినావిడ పల్లెలు తిరిగి వైద్యం చేసే డాక్టరమ్మ. ఆమెకు ఆ వ్యానే ఇల్లు, ఆసుపత్రి. పుంగనూరు మీదుగా కుప్పం దాకా వెళితే పది రోజులకు గానీ తిరిగి రారు.

“రాసుకునేదానికి, మందులు కలిపేదానికి ఒక బల్ల కావాల ఆచారీ. రోగిని పండబెట్టి తీసకపోవాల్సొస్తే దాన్ని బయటికి లాగేయాల. నేనొక్కదాన్నే లాగేటట్టుండాల,” అన్నారు.

నాకు తొందర ఎక్కువ. పని ఒప్పుకున్నానంటే అది పూర్తయ్యేదాకా తిండి సహించదు. వ్యాను లోపల రెండు చట్రాలు బిగించి, వాటికి గాడులు తీశాను. పనస పలక ఆ గాడుల్లోకి సొరుగులా జారుతుంది. పలకకూ గాడికీ మధ్య కావాలని వదిలే ఖాళీని క్లియరెన్స్ అంటారు. నేను దాన్ని ఉందా లేదా అన్నట్టు వదిలాను. డాక్టరమ్మ ఒకసారి లాగి చూశారు.

“వచ్చింది గానీ, ఇంకొంచెం లూజుగా ఉంటే మేలేమో గదప్పా?”

నాకు చురుక్కుమంది. “గడగడలాడే బల్ల చేస్తే నలుగురూ నవ్వుతారమ్మా. నా పనిలో వెంట్రుక గూడా దూరకూడదు,” అన్నాను.

గతుకుల్లో నా బల్ల ఎలా నిలుస్తుందో చూడకుండా కొట్లో కూర్చోలేకపోయాను. పనిముట్ల సంచి పట్టుకుని నేనూ వ్యానెక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాను. పుంగనూరు దాకా అది కిక్కురుమనలేదు. అక్కడ ఇద్దరు ముగ్గురిని పిలిచి మరీ చూపించి మురిసిపోయాను.

కుప్పం చేరేసరికి ముసురు పట్టింది. రెండు రోజులు తెరిపి లేదు. తడిసిన జనం వ్యానులోకి ఎక్కి దిగుతూనే ఉన్నారు. మూడో రోజు పొద్దున శాంతిపురం వైపు నుంచి గంగులప్ప అనే రైతు భార్యను ఎద్దులబండిలో తెచ్చాడు.

“నిన్నట్నుంచి నొప్పులు పడతా ఉండాదమ్మా. బిడ్డ రాలేదు.”

డాక్టరమ్మ ఆమెను చూసి, నా వైపు తిరిగారు. “ఆపరేషను చేయాల. పెద్దాసుపత్రికి పోవాల. బల్ల తియ్యప్పా, బిన్నా! టైము లేదు!”

లాగాను. రాలేదు. చట్రానికి కాలు తన్నిపెట్టి లాగాను. డ్రైవరూ చెయ్యి వేశాడు. కొయ్యసుత్తితో కింద నుంచి బాదాను. కదల్లేదు. చెక్క తడికి ఉబ్బుతుందని తెలియని వడ్రంగి ఉండడు, నాకూ తెలుసు. కానీ ఎండాకాలం చివర్లో, మా ఊరి ఎండలో కూర్చుని చేస్తూ ఆ సంగతే పక్కన పెట్టాను.

గంగులప్ప నా భుజం పట్టుకుని ఊపాడు. “యాలప్పా, యాల రాలేదది? సూడు, నా పెండ్లాం ఎట్ల అరస్తా ఉండాదో!”

సంచిలోంచి రంపం తీసి నా బల్లను నేనే నడిమికి కోశాను. తొందరలో రంపం రెండుసార్లు పక్కకు పోయింది. మొత్తం మీద పావుగంట పట్టింది.

పెద్దాసుపత్రిలో ఆపరేషను చేశారు. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

గంగులప్ప ఆసుపత్రి వరండాలో నాకు చేతులెత్తి దండం పెట్టాడు. బల్ల కోసి దారి చేశానట. నేను తలెత్తి అతని మొహం చూడలేకపోయాను. తిరుగు దారంతా నోట్లో మెదిలిన మాట మదనపల్లెలో దిగాక అడిగేశాను. “నా బల్ల వల్లనే పోయిందా అమ్మా, బిడ్డ?”

డాక్టరమ్మ చేతిలోని మందుల పెట్టె కింద పెట్టారు. “తెలీదప్పా. ముందే పోయిండొచ్చు, ఆ పావుగంటలోనే పోయిండొచ్చు. కాదని చెప్తే నీ మనసు కుదుటపడతాది. కానీ నాకు తెలీదు,” అన్నారు. తర్వాత, “ఇంకోటి చెయ్. నువ్వే చెయ్యాల,” అన్నారు.

చేశాను. ఈసారి గాడిలో రాగిగింజ వేస్తే అటు నుంచి ఇటు దొర్లిపోయేంత ఖాళీ వదిలాను. చూసిన వడ్రంగులు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. మనం చేసిన వస్తువు మన కొట్లో ఎంత అందంగా అమరిందన్నది కాదు, అవతలి మనిషికి అవసరం పడ్డ గడియలో చేతికి వచ్చిందా అన్నదే పనితనం. నేను అది చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఆ వ్యాను మా కొట్టు ముందు నుంచి పోయినప్పుడల్లా చిత్రిక పట్టడం ఆపి చెవి పెట్టేవాణ్ణి. లోపల బల్ల గడగడమని వినిపిస్తే గానీ మళ్లీ చెయ్యి ఆడేది కాదు.