లెక్క తప్పించే నవ్వు

ఎండలో ఆరుతున్న మోటారు వార్నిష్ వాసన ముక్కుకు తగిలితే నాకు పుంగనూరు గుర్తొస్తుంది. మదనపల్లెలో సొంతంగా మోటార్ వైండింగ్ అంగడి పెట్టుకుని ఇన్నేళ్లయినా ఆ వాసన మాత్రం నాది కాదు, ఆ ఊళ్లో నేను పనిచేసిన అంగడి ఓనరు రెడ్డెప్పన్నది. ఇవాళ పొద్దున ఆ వాసన మధ్యే కూర్చుని, ఫోన్‌లో కుప్పం వాళ్ల పాడ్‌కాస్ట్ పెట్టుకుని రాగి తీగ చుడుతున్నాను. మోటారు కోసం రామసముద్రం నుంచి వచ్చిన కుర్రాడు కాసేపు విని మొహం చిట్లించాడు.

"ఏందన్నా ఇది, ఒక బన్ను గురించి ఇంతసేపు మాట్లాడతాండారు. పనికొచ్చేది ఏదన్నా ఇనుకోరాదా? పోనీ టూ ఎక్స్ స్పీడులో పెట్టు, బిన్నా అయిపోతాది."

"నీ పెండ్లి వీడియో గూడా టూ ఎక్స్‌లోనే సూసుకుంటివా అప్పా?" అన్నాను.

అతను నవ్వలేదు. పర్వాలేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి కదా, నాకు పనికొచ్చే మాటలు చెప్పాలని సరదా పడేవాళ్లు ఇప్పటికీ చాలామంది. నాకు పని నేర్పింది మాత్రం పనికిరాని మాటలే.

నేను రెడ్డెప్పన్న దగ్గర చేరేటప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. తీగ చుట్టే మిషన్‌కు చుట్లు లెక్కచూపే మీటరు ఎప్పుడో పాడైపోయింది. ఆయన నోటితోనే లెక్కపెట్టేవాడు, అదీ మాటల మధ్యలో. పాలకేంద్రంలో పని ముగించుకుని ఆయన స్నేహితుడు మునెప్ప వచ్చి కూర్చున్నాడంటే ఇక మొదలు.

"నలభై రెండు. ఇంతకీ నీ బర్రె యాడికి పోయింది మునెప్పా? నలభై మూడు."

"యాడికి పోతాది, మా వియ్యంకుడి ఇంటికే పోయింది. మర్యాద తెలిసిన బర్రె."

"నలభై నాలుగు. కాఫీ ఇచ్చినారంటనా?"

ఆ కాఫీ దగ్గర నేను పగలబడి నవ్వాను. పక్కన నేను చేత్తో చుడుతున్న తీగ లెక్క పోయింది. ఎంతైందని రెడ్డెప్పన్న అడిగితే ధైర్యంగా అరవై ఐదు అన్నాను.

"నిజంగా అరవై ఐదేనా?"

"అంతే ఉంటాదిలేన్నా."

"నవ్వినావు. అది తప్పు గాదు సీనా. లెక్క పోయినాక పోలేదంటాండావే, అది తప్పు. నాల్గు సుట్లు తేడా వస్తే మోటారు కాలిపోతాది, ఆడ రైతు పైరు ఎండిపోతాది. ఇప్పు."

చుట్టిందంతా విప్పించాడు. నేను మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. బడిలో నవ్వినందుకే నన్ను తరగతి బయట నిలబెట్టేవాళ్లు. ఒకరోజు బయటే బాగుందనిపించి అటునుంచి అటే వచ్చేశాను. నవ్వు తప్పు కాదని చెప్పిన మొదటి పెద్దమనిషి ఆయనే.

పదకొండేళ్ల తర్వాత ఆయనకు గొంతు ఆపరేషన్ అయింది. మాట పోయింది. మునెప్ప రెండు రోజులు వచ్చాడు, ఒక్కడే మాట్లాడలేక రావడం మానేశాడు. రెడ్డెప్పన్న మిషన్‌కు వీపు తిప్పి కూర్చునేవాడు. ఒకరోజు పలక మీద "అంగడి మూసేద్దాం" అని రాసి చూపించాడు.

"సేతులు బాగనే ఉండాయి గదన్నా."

ఆయన చెరిపి మళ్లీ రాశాడు: "మాట లేకుండా లెక్క రాదు."

మర్నాడు అలమరాలో ఫోన్ పెట్టి ఈ కుప్పం వాళ్ల మాటలు వినిపించాను. ఒకతను జిరాక్స్ అంగడి నడుపుతాడు, ఇంకొకతను ప్రైవేటు బస్సు కండక్టరు. ఏం మాట్లాడాలో తెలియకుండానే మొదలుపెడతారు. తెలుగులో బయలుదేరి, తమిళంలో ఒక మలుపు తిరిగి, కన్నడంలో ఆగుతారు. ఆరోజు కండక్టరు చెబుతున్నాడు, ఒక ముసలమ్మ టికెట్టు డబ్బులు దిగేటప్పుడే ఇస్తానందట. యాలమ్మా అంటే, "మీ బస్సు ఆడిదాకా పోతాదో లేదో, పోనీ సూస్తాం" అందట. జిరాక్స్ అతను నవ్వలేదు. చాలాసేపు ఊరికే ఉండి, "న్యాయమే గదా" అన్నాడు.

రెడ్డెప్పన్న ఎప్పుడు మిషన్ వైపు తిరిగాడో నేను చూడలేదు. పెదాలు లెక్కపెడుతున్నాయి, చేతి కింద తీగ చుట్టుకుంటోంది. "న్యాయమే గదా" దగ్గర ఆయన భుజాలు కదిలాయి. చెయ్యి ఆగింది. నా వైపు దొంగలా చూశాడు. ఆయన లెక్క తప్పడం నేను చూడటం అదే మొదలు.

"అరవై ఐదు అనుకుందామా అన్నా?"

గుడ్లురిమి చూసి, చుట్టిందంతా తనే విప్పుకున్నాడు. మర్నాడు నాకంటే ముందే వచ్చి అంగడి తెరిచాడు. పలక మీద ఒకటే మాట: "బస్సు యాడికొచ్చె?" ఆ తర్వాత మునెప్ప కూడా వచ్చాడు, ఫోన్‌తో కొట్లాడటానికి. చనిపోయేదాకా నాలుగేళ్లు రెడ్డెప్పన్న ఆ అంగడి మూయలేదు.

కాబట్టి ఇది టైము వేస్టు అనేవాళ్లకు నా జవాబు: అవును, నా టైమే. ఆ జిరాక్స్ అతను ఊరుకున్న కాసేపు ఉంది చూడండి, ఒక మనిషి మళ్లీ పనిలోకి వచ్చింది ఆ సందులోంచే. స్పీడు పెంచితే ముందు పోయేది అదే.

ఇంతలో కండక్టరు బన్ను గురించి ఏదో అన్నాడు, నేను పగలబడి నవ్వాను. చెయ్యి ఆగింది.

"ఎన్ని సుట్లయినాయన్నా?" అన్నాడు రామసముద్రం కుర్రాడు అనుమానంగా.

"తెలీదప్పా," అని విప్పడం మొదలుపెట్టాను.

"లేటయితాది గదా."

"అయితాది. కూసో."

స్టూలు అతని వైపు జరిపి, ఫోన్ స్పీడు ఉన్నట్టే ఉంచి, మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకున్నాను.