తెల్లగా వదిలిన గడి

పోయిన మంగళవారం, పగలు పదకొండున్నర. మదనపల్లెలో ఆసుపత్రి గోడ మీది గడియారం చూసి చెబుతున్నాను. గడియారం చదవడం, అక్షరాలు దిద్దడం రెండూ నాకు యాభై దాటాకే వచ్చాయి.

నా కూతురి కొడుక్కి పన్నెండేళ్లు. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, చదువు ఎక్కదు. వాడికీ నా కూతురికీ రక్తపరీక్షలు చేశారు. ఫలితం వినడానికి కుప్పం నుంచి నా వియ్యపురాలు కూడా వచ్చింది. ఫలితం చెప్పే ముందు డాక్టరమ్మ నా ముందు కాగితం పెట్టింది.

"మీ వంశం గీయి అవ్వా. మొగోళ్లకు గడి, ఆడోళ్లకు సున్నా. ఈ బిడ్డ మాదిరి ఎవరన్నా ఉంటే ఆ గడి నల్లగా రుద్దు."

పుంగనూరులో పుట్టిన నాకొక సున్నా గీశాను, నా తమ్ముడికొక గడి. దాన్ని తెల్లగానే వదిలేశాను.

వాడు ఇరవై రెండేళ్లకే పోయాడు. చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. తోలుకెళ్లిన గొర్రెలు ఎన్నో చెప్పలేకపోయేవాడు. కూతురి పెళ్లప్పుడు ఆ సంగతి కుప్పంలోని మగపెళ్లివాళ్లకు చెప్పలేదు. మనవడికి మాట రాకపోతే వియ్యపురాలి మీద పడ్డాను. పసిబిడ్డకు మాట రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తాం. మూడో నెలలో బిడ్డను కుప్పం తీసుకుపోయాక ఆమె అది మానేసింది.

"వస పొయ్యకుండా బిడ్డ నోరు కట్టేస్తివి గదా వదినా! మీ ఇంట్లో దానికి గూడా కరువా?" అని నలుగురిలో అన్నాను.

డాక్టరమ్మ రిపోర్టు తిప్పింది. "ఇది తల్లి నుంచి వచ్చింది. ఆడవాళ్లలో చాలామందికి తమలో ఉందనే తెలియదు. కొడుకుల్లో బయటపడుతుంది."

"అంటే... వస పొయ్యనందుకు కాదా అమ్మా?" అంది వియ్యపురాలు.

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా."

ఆమె కొంగుముడి విప్పింది. అరిగి అరిగి వేలి గోరంత మిగిలిన వసకొమ్ము.

"పొద్దున గూడా రాసినాను. ఆ మాట పడినప్పట్నుంచి ఒక్క దినం ఇడిస్తే ఒట్టు."

మనవడు దాన్ని చూసి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. "సేదు! వొద్దు అవ్వా, సేదు!"

నేను పెన్సిల్ తీసుకుని తమ్ముడి గడి రుద్దాను. ముల్లు విరిగింది. విరిగిన ముక్కతోనే రుద్దాను.

"ఈడు నా తమ్ముడు వదినా. ఇట్లనే ఉండె. దాసిపెట్టినాను."

ఆమె కాగితం వైపు చూడలేదు. "ఇన్నేండ్లు నా చేత వాని నోట్లో సేదు పోయిస్తివి గదా వదినా."

నా కూతురు కాగితం మీద నా సున్నాను, దాని కింద తన సున్నాను చూస్తూ ఉండిపోయింది. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

ఆ గదిలో ఉన్నవాళ్లం: డాక్టరమ్మ, నా కూతురు, నా వియ్యపురాలు, నోటి మీద చేతులు తీయని నా మనవడు, నేను. కాగితం మీద నా తమ్ముడు.