నాపరాళ్ళ మీద రెండు సీట్ల కారు

మొన్న మా వంటింట్లో టైల్స్ వేసిన మేస్త్రి, పరిచిన ప్రతి పలకనీ వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. డొల్లగా పలికినదాన్ని ఊడదీశాడు. ఆ చప్పుడుకి నాకు చేతులు చల్లబడ్డాయి. కోడలు "ఏంటత్తయ్యా, బీపీ మాత్ర వేసుకోలేదా" అంది. వేసుకున్నా. ఇది మాత్రకి లొంగే భయం కాదు.

మా పుట్టిల్లు జగ్గయ్యపేట. నాన్న నాపరాయి కొట్టేవాడు. నా చదువు రెండో తరగతితో సరి గానీ, రాయిని తట్టి అది గట్టిదో, లోపల పొర విడిందో చెప్పడం మాత్రం వచ్చు. గట్టిది కంచులా మోగుతుంది, విడినది పగిలిన కుండలా పలుకుతుంది. నేను నందిగామ కాపురానికొచ్చినప్పుడు నాన్న నా వెనకే బండెడు నాపరాళ్ళు పంపాడు, స్నానాల గదిలో పరుచుకోమని. మామగారిది కొలిమి పని, మా ఆయనది లారీల మెకానిక్కు పని. పరిచే తీరిక ఇద్దరికీ దొరక్క, ఆ రాళ్ళు పెరట్లో రెండు వానాకాలాలు తడిశాయి.

అరవైల్లో, మా పెద్దమ్మాయి కడుపులో ఉన్న ఏడు, ఒక మోతుబరి తన కారుని ఎద్దులతో లాగించుకుని మా ఇంటికి తెచ్చాడు. టాపు లేని పాత ఇంగ్లీషు కారు, పొడుగు ముక్కు, నేలకి పాకుతున్నట్టుండేది. పందాలకి చేసిన బండట. మన రోడ్లకి దాని వెనక కమాన్లు, అంటే బరువు మోసే ఇనప పట్టీల కట్టలు, విరిగాయి. అత్తగారు చూసి, "ఇద్దరికి ఇంత బండా, మన ఒంటెద్దు బండిలో ఆరుగురం పోతాం" అన్నారు. వెనక భాగం జాకీతో ఎత్తి, చక్రాలు తీసి, నా రాళ్ళనే రెండు దొంతులుగా పేర్చి వాటిమీద నిలబెట్టారు. ఉన్నది ఒక్క జాకీ, అది ఇరుసు ఎత్తడానికి కావాలి. మామగారు వారం పాటు పట్టీలు కాల్చి, ఒక్కోదానికీ వంపు తెచ్చి, నూనెలో ముంచారు. ఆ కాలిన నూనె వాసనకి నాకు అన్నం సయించేది కాదు. ఎనిమిదో రోజు పొద్దున మా ఆయన కట్టల్ని ఇరుసుకి బిగించడానికి కిందికి దూరారు. బయటికి పాదాలే కనిపిస్తున్నాయి.

నేను వసారాలో బియ్యం చెరుగుతున్నా. ఎడమ దొంతిలోంచి టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ. పొర విడుతున్న చప్పుడు. మా ఇంట్లో కోడలు మామగారితో మాట్లాడకూడదు, ఏదున్నా అత్తగారి ద్వారానే. ఆవిడతో అన్నా, "రాయి పలుకుతోందత్తయ్యా, ఆయన్ని బయటికి రమ్మనండి." "మీ నాన్న పంపినవేగా. ఆనాడు ఇనుమంత గట్టివన్నాడు" అన్నారావిడ. "రెండేళ్ళు ఎండకి ఎండి వానకి తడిశాయత్తయ్యా." ఆవిడ కొలిమి వైపు తిరిగి, "ఏవండోయ్, రాయి పలుకుతోందంట." మామగారు సుత్తి ఆపకుండానే, "ఏ రాయో అడుగు." ఆవిడ మళ్ళీ నా వైపు తిరిగి, "ఏ రాయే?" మాట ఇలా ప్రయాణాలు చేస్తుండగానే మూడోసారి టిక్కుమని, దొంతి అంచున పొడి రాలింది.

వసారా నుంచి కారు దాకా నాలుగంగలు. వెళ్ళి ఆయన చీలమండలు రెండూ పట్టుకుని ఈడ్చా. మామగారి ఎదుట మొగుడి మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. "నీకేమన్నా పిచ్చా, నట్టు సగంలో ఉంది" అంటూ ఆయన వీపు దోక్కుపోయి బయటికొచ్చారు. కారు పడలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. అది పడకపోతే ఈ ఇంట్లో నా బతుకేంటని ఇంకో భయం పట్టుకుంది. మామగారొచ్చి, గొంతుక్కూర్చుని, చిన్న సుత్తితో ఆ రాయిని తట్టారు. కొలిమి మనిషి, ఆయనకీ చెవి ఉంది. జాకీ మార్చి కారు ఎత్తించి లాగితే, రాయి రెండు రేకులుగా చేతికొచ్చింది. అప్పుడాయన, అత్తగారితో కాదు, నాతోనే అన్నారు: "మిగతావీ నువ్వే చూడమ్మా." ఇంకో మూడు తీయించా. తుమ్మ మొద్దులు పెట్టారు. సాయంత్రానికి కారు చక్రాల మీద నిలబడింది.

మా ఆయన ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు బతికి, మంచం మీద, నిద్రలో పోయారు. ఆ ముప్పై నాలుగేళ్ళూ ఇట్టే అయిపోయాయి. ఆ నాలుగంగలు నడిచినసేపు మాత్రం నాకింకా అవలేదు.